గుర్రానికి తెలిసిన ఇళ్లు

న్తాతె త్సెలిసోను మట్టిచేసిన తొమ్మిదో రోజున
గుర్రం ఎవరికన్న మాట వచ్చింది.
పెద్దలు దుప్పట్లు బిగించుకుని
ఎండ వెంట జరిగారు, జరిగారు,
ఏదీ తేల్చలేదు.
నేను వెళ్లి జీను వేశాను.

పులా దాని పేరు. మా మాటలో వాన అని.
పద్నాలుగేళ్లు దాని వీపు మీద
మలుతి కొండలన్నీ సువార్త తిరిగింది.
దాని తోక వెనకాల మేం,
మూడుకాళ్ల ఇనుప కుండ, మొక్కజొన్న పిండి,
ఆయన తడి మేజోళ్లు మోసుకుంటూ.
గురువారపు తల్లులం.
ఎర్ర చొక్కా, తెల్ల కాలరు,
మంచు పడితే కాలరు కనబడేది కాదు.

ఆయన వాక్యం చెబుతుంటే గొంతు లోయ దాటేది.
అవతలి గట్టున గొర్రెల పిల్లాడు టోపీ తీసేవాడు.
"రేపటి సంగతి ప్రభువే చూసుకుంటాడు" అనేవాడాయన.
మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.
ప్రభువు ఆ నెల మాలినెయో మేకను అమ్మాడు.
ప్రభువు మాత్షెపో కొడుకు గనిలోంచి పంపిన డబ్బుతో
కిరోసిన్ కొన్నాడు, సగం అప్పు పెట్టాడు.
అబద్ధమని కాదు. అదీ ఆయన చెయ్యే.
ఆ చేతికి పగుళ్లున్నాయని
ప్రార్థనలో ఎవరూ అనలేదు, అంతే.

నేను మాత్రం ఒక చిట్టా పుస్తకంలో రాసేదాన్ని.
ఏ ఇంట ఎన్ని రొట్టెలు, ఎవరి దుప్పటి, ఎన్ని రాత్రులకు.
పరలోకంలో లెక్క అడిగితే
నోరు వెళ్లబెట్టకూడదని.

కళ్లెం వదులుగా పట్టుకున్నాను.
బడి పక్క ఇంటి దగ్గర పులా తనే ఆగింది.
వాళ్లు బయటికొచ్చి, ఖాళీ చోటు చూసి,
నాకే ఒక కుర్చీ వేశారు.
రెండో ఇల్లు. నదికి ఇవతల మూడోది.
అన్నీ నా పుస్తకంలో ఉన్నవే.

ఆ తర్వాత చీలిక దగ్గర
కుడికి వెళ్లాల్సింది ఎడమకు తిరిగింది.
లాగాను. తిట్టాను. కీర్తన కూడా పాడాను.
పాత గుర్రం, పాత మొండితనం.

సోమవారాలు మమ్మల్ని పడుకోమనేవాడాయన.
"కొండ మీద ఒక్కణ్నే కాసేపు" అని వెళ్లేవాడు.
దేవుడితో మాట్లాడతాడనుకుని
మేం గుసగుసలు కూడా మానేసేవాళ్లం.

రాతి గుడిసె. గాలికి వీపు పెట్టిన తలుపు.
గడప మీద మొఖెలె.
మా గుడి కిటికీలు మూడు పగలగొట్టినవాడు,
మా మీదికి కుక్కల్ని వదిలినవాడు,
ఇప్పుడు రెండు కళ్లూ పోయి
డెక్కల చప్పుడుకు తల ఎత్తాడు.
"ఇవాళ సోమవారం కాదే."

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు.
గాలి రెండుసార్లు తలుపు కొట్టింది.
అప్పుడు చూశాను, ఆయన ముందు
పలకరాయి మీద చెక్కిన మొరబరబ గీతలు,
మధ్యలో ఆగిన ఆట,
నల్లరాళ్లు, తెల్లరాళ్లు. మేం ఆవులంటాం వాటిని.

"వాక్యం చెప్పేవాడా నీకు?"
"ఓడిపోయేవాడు" అన్నాడు మొఖెలె.
"మొదట్లో కావాలని. తర్వాత నిజంగానే."
వేళ్లతో ఒక్కో ఆవునూ తడిమాడు,
మందలో పేరుపేరునా పిలిచినట్టు.
"వంతు ఆయనది. అలాగే ఉంచాను."

పులా అప్పటికే గడ్డి వెతుక్కుంటోంది.
నా దగ్గర ప్రసంగం లేదు.
మూటలో చల్లారిన రొట్టె ఒకటి, అంతే.
విరిచి సగం ఆ ముసలి చేతిలో పెట్టి
గడప ఇవతల కూర్చున్నాను.
ఏ ఆవును కదపాలో తెలియక
చాలాసేపు చూశాను.

ఆ రాత్రి దీపం కింద చిట్టా తెరిచి
కొత్త పేజీలో రాశాను:
మొఖెలె ఇల్లు. రొట్టె ఒకటి.
మూడు ఆవులు పోయాయి మనవి.
మళ్లీ సోమవారం.